మందిరంలో తిరిగిన సారె

ఏర్పేడు దగ్గరి పల్లెలో మునిలక్ష్మికి రెండు పేర్లు. కులంవాళ్ళకు మునిలక్ష్మి, చర్చివాళ్ళకు మార్తమ్మ. వెనకనుంచి ఎవరు ఏ పేరుతో పిలిచినా తిరిగి చూస్తుంది గానీ, తనను తాను తిట్టుకోవాలంటే మాత్రం ఏ పేరు వాడాలో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

కుమ్మరి పని చేసే భర్త మునస్వామి చెట్టుమీంచి పడి మంచం పట్టాక, ఆడది సారె ముందు కూర్చోవడమేమిటని అత్తగారు గోల పెడుతున్నా వినకుండా కుండలు చేయడం నేర్చుకుంది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఆయన పోయాక కూడా అదే బతుకుతెరువు. పని నేర్చుకుంటున్న ఆ మొదటి రోజుల్లోనే ఏడేళ్ళ కూతురికి జ్వరం ముదిరితే చర్చివాళ్ళు వచ్చి మూడు రోజులు ప్రార్థన చేశారు. పిల్ల లేచి కూర్చుని గంజి అడిగింది. ఆ గంజి తాగి ముగించేలోపే తల్లి బాప్తిస్మానికి ఒప్పేసుకుంది. పిల్ల పేరు గ్రేసీ అయింది.

మునిలక్ష్మికి చదువు రాదు. పాట ఎత్తుకుందంటే పక్కవాళ్ళు కూడా రాగం మరిచిపోతారు. అందుకని తన భక్తినంతా మట్టిలోనే పెట్టింది. ప్రతి క్రిస్మస్‌కూ ఒక కుండ చేసి, ఎర్రమన్నుతో, సున్నంతో బొమ్మలు వేసి మందిరానికి ఇచ్చేది. ఆమె గీసిన గొర్రెపిల్లకు మేక గడ్డం ఉండేది. పావురం నోట్లో ఒలీవ కొమ్మ ఉండాలని ఎవరో చెప్పారు. ఆ చెట్టును ఆమె ఎక్కడ చూసింది గనక? మామిడాకులు పెట్టింది.

మూడేళ్ళ కిందట గ్రేసీ డెంగీతో పోయింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. అప్పుడు బతికించిన దేవుడే ఇప్పుడు తీసుకుపోవడమేమిటో తల్లికి అర్థం కాలేదు. అర్థం చేయించేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. గంగమ్మకు కోపం వచ్చిందన్నారు చుట్టాలు. దేవుని చిత్తమన్నారు సంఘస్థులు. నీళ్ళ తొట్టికి మూత వేయకపోవడం వల్లేనంది పక్కింటి సుబ్బులమ్మ. అసలే దారీ తెన్నూ తోచని మనిషిని ఇంతమంది తెలివైనవాళ్ళ మధ్య పడేయడం అన్యాయం. ఆమె అందరి మాటా విన్నది, ఏదీ మనసుకు పట్టలేదు. ఆ తర్వాత క్రిస్మస్‌లకు కుండలైతే చేసింది గానీ బొమ్మలు వేయలేకపోయింది. కుంచె పట్టుకుని కూర్చుంటే ఏం గీయాలో, ఎవరికోసం గీయాలో తెలిసేది కాదు.

ఈమధ్య కొత్తగా వచ్చిన పాస్టరు దయానంద్ కుర్రవాడు, హుషారు ఎక్కువ. దేవుణ్ణి కుమ్మరితో పోల్చిన వాక్యం చెప్పేటప్పుడు నిజమైన కుమ్మరి కళ్ళ ముందుంటే బాగుంటుందనుకున్నాడు.

"ఆదివారం మీ కరెంటు సారె మందిరానికి తీసుకురావల్లమ్మా. నేను ప్రసంగం చెప్తా ఉంటా, మీరు కుండ చేయండి. నేను చెయ్యెత్తగానే నలిపేసి మళ్ళీ చేయండి. అంతే."

"నలిపేసేదా? ఎందుకయ్యా?"

"దేవుడు మనల్ని నలిపి మళ్ళీ చేస్తాడు గదమ్మా."

ఆమెకు అందులో ఏదో మెలిక ఉన్నట్టనిపించింది. అయినా సరేనంది.

ఆదివారం ఆటోలో సారె వచ్చింది. పాస్టరు నిలబడే చోట పట్టా పరిచి పెట్టారు. ఆ రోజు మట్టి ఎంత చెబితే అంత వింది. కుండ అంచు చుట్టూ ఒక్క తీరుగా వచ్చింది. ఇంత మంచి కుండ ఆమె చేతిలోంచి వచ్చి మూడేళ్ళయింది. చుట్టూ జనం ఉన్నారనే మరిచిపోయింది.

"కుమ్మరి ఆ కుండను తన చేతులతోనే చెరిపినాడు!" అంటూ దయానంద్ చెయ్యెత్తాడు.

మునిలక్ష్మి చేతులు కదలలేదు. అతను మళ్ళీ ఎత్తాడు. "అమ్మా," అని మెల్లగా గుర్తు చేశాడు.

"ఇది బాగుండాది గదయ్యా," అందామె. మైకు పక్కనే ఉండడంతో మందిరమంతా వినిపించింది. "బాగుండేదాన్ని ఎందుకు చెరపల్ల? నా చేతిలో శానా కుండలు చెడినాయి. మట్టిలో రాయి ఉంటే చెడతాది, నీళ్ళెక్కువైతే చెడతాది. కావాలని ఒక్కటి గూడా చెరపలేదు. చెడినప్పుడు గుండె కలుక్కుమంటాది. మా పాపను దేవుడు కావాలనే చెరిపినాడా? ఆయన చేతిలోనే చెడిపోయిందా? ఆయనకు గూడా కలుక్కుమనిందా?"

కోపంతో అడిగిన మాటలు కావు. బస్టాండులో దారి అడిగే మనిషిలాగా అడిగి, జవాబు కోసం అతని ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

ముందు వరసలోని సంఘపెద్ద ధనంజయ గొంతు సవరించుకుని "దేవుని చిత్తం..." అని మొదలుపెట్టాడు. దయానంద్ అతన్ని ఆగమన్నాడు. సారె ఆపేసి, తెల్ల ప్యాంటుతోనే వచ్చి ఆ తడి పట్టా మీద ఆమెకెదురుగా కూర్చున్నాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

మునిలక్ష్మి మట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. గ్రేసీ పోయినప్పటినుంచి తెలీదని ఒప్పుకున్న మనిషి అతనొక్కడే.