చేపలకు అమ్మవారు పోసిన రోజులు

హాల్లోని ఉప్పునీళ్ల తొట్టెలో ఒక్కటే చేప మిగిలింది. క్రోమిస్ అంటారు దాన్ని. వేలెడంత ఉంటుంది, లేత ఆకుపచ్చ మెరుపు, మందగా తిరిగే జాతి. తోటివన్నీ ఒకటొకటిగా ఎందుకు పోయాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మిగిలింది మాత్రం మేత వేస్తే ముఖం తిప్పుకుని రాయి వెనక్కి పోయేది. తోడు తేకపోతే ఇదీ దక్కదనిపించింది.

అల్వాల్‌లోని మా ఇంట్లో ఉండేది మా అత్తమ్మ, మా ఆయన, నేను. మా ఆయనకు చేపలంటే పులుసే. కాబట్టి ఈ తొట్టె తంటా అంతా నా నెత్తినే ఉంది.

సికింద్రాబాద్‌లో చేపల దుకాణానికి పోయి క్రోమిస్‌ల చిన్న మందను తెచ్చుకున్నాను. "ఎంటనే కలపకున్రి మేడమ్," అన్నాడు దుకాణమాయన. "కొన్ని వారాలు వేరే తొట్టెల క్వారంటైన్ పెట్టున్రి. వీటికేమన్న రోగముంటే పాతదానికి సుత అంటుతది."

బుద్ధిగా తలూపి వచ్చాను. ఇంటికొచ్చి ఫోన్లో చదవడం నా ఖర్మ. ఒకరు ముందే మందు వేయమంటారు, ఒకరు రోగం కనబడేదాకా ముట్టుకోవద్దంటారు. జబ్బుపడ్డదాన్ని విడదీయమని ఒకరు, విడదీస్తే బెంగతోనే చస్తుందని ఇంకొకరు. నాకేమో ముందు నుయ్యి, వెనక గొయ్యి. తొందరపడి కలిపితే పాతది రోగంతో పోతుంది, ఆలస్యం చేస్తే తిండి మానేసి పోతుంది.

వెనక గదిలో చిన్న తొట్టె పెట్టి కొత్తవాటిని వదిలాను. కొన్నాళ్లకు వాటి రెక్కల మీద తెల్లటి చుక్కలు లేచాయి. అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది.

"తల్లి పోసింది బిడ్డా," అంది.

"అది చేపల రోగం అత్తమ్మా. మందేస్తున్న గద."

"ఎయ్యి. నేనొద్దన్ననా?"

సాయంత్రానికి ఆ గది గుమ్మానికి వేపమండలు వేలాడాయి. రాత్రి పప్పులో పోపు లేదు. ఇంట్లో అమ్మవారు ఉన్నన్ని రోజులు పోపు ఘాటు తగలకూడదట, చుట్టాలు గడప తొక్కకూడదట. మా ఆయన కంచం చూసి, నన్ను చూసి, చివరికి వాళ్లమ్మను అడిగాడు. "చేపలకు పోస్తే నాకేందమ్మా ఈ పత్తెం?" అత్తమ్మ ఇంకో గరిటె వడ్డించింది. నవ్వాలో కోప్పడాలో నాకు తెలియలేదు. మొత్తానికి నేనూ ఆ చప్పటి పప్పే తిన్నాను.

వెనక గదిలో చుక్కలు తగ్గుతున్నాయి గానీ పూర్తిగా పోలేదు. హాల్లోదాని పొట్ట లోపలికి పీక్కుపోయింది. ఒకరోజు ఇక చూడలేక వల పట్టుకుని వెనక గదికి నడిచాను. ఏదైతే అదైంది, కలిపేద్దామనుకున్నాను. తీరా అక్కడికెళ్లాక చెయ్యి నీళ్లలోకి పోలేదు. ఏడుపొచ్చింది.

"కలపకు. చూపియ్యి," అంది వెనకే వచ్చిన అత్తమ్మ. "నా చిన్నప్పుడు తల్లి పోస్తే, బన్సీలాల్‌పేట్ ఇంట్ల నన్నొక్కదాన్నే ముందరర్రల పండవెట్టిన్రు. ఎవర్ని రానియ్యలే. నేను తిండి బంజేసిన. మా చెల్లె కంచం తెచ్చుకొని కిటికవతల కూసోని తినేది. దాన్ని చూసుకుంటనే నేను సుత రెండు ముద్దలు తిన్న."

ఆ చెల్లెలు నిరుడు పోయింది. ఆ తర్వాత అత్తమ్మ ఆమె మాట ఎత్తడం అదే మొదటిసారి.

హాలుకీ వెనక గదికీ మధ్య తెరవని అద్దాల కిటికీ ఒకటుంది. పెద్ద తొట్టె ఇటువైపు దాన్ని ఆనుకునే ఉంటుంది. ఇద్దరం కలిసి చిన్న తొట్టెను అటువైపుకు జరిపాం. మొదట ఏమీ జరగలేదు. తర్వాత పాతది రాయి వెనకనుంచి వచ్చి కిటికీ మూలన నిలబడింది. అవతల మంద పైకి పోతే ఇదీ పైకి పోయింది. మేత వేస్తే అటు చూస్తూనే ఒక పలుకు మింగింది.

చుక్కలు పోయాయి. మందుకు పోయాయో, వేపకు పోయాయో, పోపు మానినందుకు పోయాయో నాకు తెలియదు. అత్తమ్మకు మాత్రం తెలిసినట్టే ఉంది. దుకాణమాయన చెప్పిన వారాలన్నీ గడిచాక, ఇంట్లో మళ్లీ పోపు చిటపటలాడాక, కొత్తవాటిని పెద్ద తొట్టెలో వదిలాను.

పాతది వాటివైపు చూడనే లేదు. ఎప్పటిలాగే కిటికీ మూలకు పోయి, అవతలి ఖాళీ తొట్టెను చూస్తూ నిలబడింది. ఇన్నాళ్లూ వేటికోసం బెంగపడిందో అవి వీపు వెనకే తిరుగుతున్నాయి. నాకు ఏమీ అంతుపట్టలేదు. అత్తమ్మ కుర్చీ జరుపుకుని తొట్టె ముందు కూర్చుంది.

చాలాసేపటికి కొత్తవాటిలో ఒకటి వచ్చి దాని పక్కన ఆగింది. ఆ వెనకే ఇంకొకటి. చివరికి మంద అంతా ఆ మూలనే చేరి ఖాళీ తొట్టెవైపు ముఖాలు పెట్టింది. అక్కడ వాటికి ఏం కనబడుతోందో మరి. ఆ చిన్న తొట్టెను కడిగి అటక మీద పెడదామని లేచాను.

"ఉండనియ్యి బిడ్డా," అంది అత్తమ్మ, కిటికీ మీంచి చూపు తిప్పకుండా. "జెర చూసుకోనీ."