మొదటి లోటా

నా చిన్నప్పుడు ఆదోనిలో మంచినీళ్లు లోతుకు దిగినవాళ్లకే దొరికేవి. పైన ఊరేవి ఉప్పనీళ్లు. బండ పగలగొట్టి ఇంకా కిందికి పోతే తియ్యనివి పడేవి. పత్తి వ్యాపారంలో ఎవరి మాటా తొందరగా నమ్మని మా తాతయ్య ఈ ఒక్క సంగతిని మాత్రం గట్టిగా నమ్మేవాడు.

అవ్వ ఉబ్బసానికి సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెబితే, తాతయ్య ఎక్కడో దూరాన సముద్రపు ఒడ్డున ఒక బంగళా కొన్నాడు. గుంతకల్లులో బండి మారి, బెజవాడ దాటి ఇంకా పోవాలి. మొదటి వేసవికి అక్కడ ఇసుక దిబ్బలు, సరుగుడు చెట్లు, జాలరుల గుడిసెలు, అక్కడొకటి ఇక్కడొకటిగా బంగళాలు ఉండేవి. మా ప్రహరీ అవతలి గుడిసెలో ఉండే జాలరి అక్క ఇసుకలో చేత్తోనే చెలమ తీసి, ఊరిన నీళ్లు కొబ్బరిచిప్పతో తోడి నా దోసిట్లో పోసింది. అలలు వినిపించేంత దగ్గర్లో అంత తియ్యని నీళ్లు ఉంటాయని నేను అనుకోలేదు.

మరుసటి వేసవికి ఆ ఊరు గుర్తుపట్టలేనంతగా పెరిగిపోయింది. జమీందార్లు, మిల్లు యజమానులు, పెద్ద వకీళ్లు వచ్చి ఇళ్లు కట్టారు. తారురోడ్డు, క్లబ్బు, రొట్టెల దుకాణం, సాయంత్రమైతే ఒడ్డు పొడవునా మోటారు కార్లు. ప్రతి బంగళాకూ ఒక పూలతోట, ప్రతి తోటకూ ఒక బావి, బావి మీద ఆయిలింజను. మా బావి అడుగంటింది. అక్క చెలమలోనూ నీళ్లు తగ్గాయి. ఆమె చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని, చిప్పెడు చిప్పెడు ఊరేదాకా ఎండలో కూర్చునేది.

తాతయ్య అది చూడలేకపోయాడు. "ఇంకా కిందికి దిగండప్పా. ఆ తల్లికి ఈడనే తొట్టి కట్టిస్తా" అని కూలీలకు చెప్పాడు.

"ఈయప్ప సముద్రంలో కూడా బావి తవ్వేటట్లుండాడు" అని అవ్వ నవ్వింది.

నీళ్లు ఉబికి వచ్చాయి. బురద తేరేవరకు ఇంజను రోజుల తరబడి ఆడింది. కొత్త నీళ్లు పడితే మొదటి లోటా పొరుగువాళ్లకివ్వడం మా ఇంటి ఆచారం. తాతయ్య అక్కను పిలిచి ఇత్తడి లోటా నిండా పోసి ఇచ్చాడు. ఆమె ఎత్తిన లోటా దించకుండా తాగేసి, "బావున్నాయి బాబూ" అంది. రెండోది నాకిచ్చారు. ఒక్క గుక్కకే ఉమ్మేశాను. అవి సముద్రంలో ముంచినట్టే ఉన్నాయి.

తాతయ్య నా చేతిలోది తీసుకుని తాగాడు. ఆయన ముఖం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఉప్పని సెప్పకపోయినావేమ్మా?"

"మీరంత ఆశగా సూత్తన్నారు బాబూ. ఎలాగ సెప్పీది?"

అంటూనే ఆమె ఉలిక్కిపడి చెలమ దగ్గరికి పరుగెత్తింది. మేమూ వెనకే పోయాం. చిప్పతో తోడి నాలుకకు తాకించుకుంది. ఈసారి బాగున్నాయని అనలేదు. చిప్పను ఇసుకలో వదిలేసి బిడ్డ వైపు చూస్తూ నిలబడింది.

"ముందు నేను తాగాల్సిండె" అంటూ తాతయ్య అక్కడే కూలబడ్డాడు.

ఆ ఒడ్డున తియ్యని నీళ్లు పైపైనే ఉంటాయని, లోతుకు దిగి తోడితే కింది ఉప్పనీళ్లు పైకి ఎక్కి వస్తాయని మాకు అప్పుడే తెలిసింది. ఆ రోజే ఇంజను ఆపించి బావి పూడ్పించాడు. పక్క బంగళాల ఇంజన్లు మాత్రం ఆగలేదు. మేమున్నన్నాళ్లూ ఎడ్లబండి మీద పక్క ఊరినుంచి నీళ్లు తెప్పించి ఆమె గుడిసెకు పంపాడు, కాని చెలమలో నీళ్లు మళ్లీ తియ్యగా మారలేదు. తరువాతి వేసవికి ఆ గుడిసె లేదు. ఆ చోట పచ్చగడ్డి పెంచిన కొత్త బంగళా ఉంది. ఆ గడ్డికి గొట్టంతో నీళ్లు కొడుతున్నారు. మళ్లీ మేము అక్కడికి పోలేదు.

ఇప్పుడు ఎమ్మిగనూరులో నా పాపకు నీళ్లైనా, పాలైనా, మందైనా ముందు నేను రుచి చూడనిదే పట్టను. ఎంగిలని అత్తగారు కోప్పడతారు. అందుకే కాసింత అరచేతిలో పోసుకుని చూస్తాను. ప్రేమతో ఇచ్చేది మంచిదే అయి ఉంటుందన్న ధీమా నాకు ఆ ఒడ్డునే పోయింది. నా చేతితో ఇచ్చేదాన్ని పాప కూడా ఆ అక్కలాగే మారు మాట్లాడకుండా తాగేస్తుంది.