ఉప్పు ఊట కాడ నాలుగు వందల పన్నెండు

రెండువేల ఇరవై మూడు, జూన్ నెల, మూడో మంగళవారం, పొద్దుగాల ఏడుంబావు. శంకరంపేట దిక్కు ఒక వాగు ఒడ్డున, రేకుల షెడ్డు ముంగట నిలబడి నేను టీడీఎస్ మీటర్ నీళ్ళల్ల ముంచిన. నీళ్ళల్ల ఉప్పెంత కరిగిందో అంకెల చూపెట్టే చిన్న మిషన్ అది. 412 పడ్డది. మంచిగనే ఉన్నయి అనుకున్న.

ఆ ఒడ్డున బండల సందునుంచి ఉప్పునీళ్ళ ఊట కారుతది. నడి ఎండకాలం కూడ ఆగదు. ఆ నీళ్ళు వాగుల, వాగు పోయి మంజీరల కలుస్తది. వానకాలం తెల్వది గని, ఏరు సన్నబడ్డప్పుడు గీ ఒక్క ఊటే కింది ఊర్లోళ్ళను నీళ్ళు నోట్లె పెట్టనియ్యదు. ఏరంత కడగలేం గద. అందుకే ఉప్పు పుట్టే కాడనే పట్టాలని ప్లాంటు పెట్టిండ్రు. ఊటనీళ్ళు గుంతకు మలిపి, మోటరుతోని మెంబ్రేన్లకు కొడ్తం. మెంబ్రేన్ అంటే ఉప్పును ఆపి నీళ్ళను ఇడిచే జల్లెడ అనుకోండ్రి. మంచినీళ్ళు వాగుకు పోతయి. మిగిలిన చిక్కటి ఉప్పునీళ్ళను రిజెక్ట్ అంటం. అవి ప్లాస్టిక్ షీటు పరిచిన మడుగుల ఎండుతయి.

నేను అక్కడ ఆపరేటర్ను. అంతకుముందు మెదక్ల ముప్పై ఏండ్లు బోరు మోటర్లు దించిన, ఎక్కించిన. బోరు పడ్డదంటే మొదటి దోసెడు నా నోట్లెనే పడాలె, అది మా పనిల రివాజు. అక్షరాలు నాకు యాభై రెండేండ్లకు వచ్చినయి, చర్చి పక్క బడిల ఒక పంతులమ్మ నేర్పింది. మీటర్ చేతికొచ్చినంక నాలుక వాడుడు బంద్ చేసిన. అంకె చదవొచ్చినోనికి నాలుకెందుకని పొగరు.

ఆ ఏడు మిరుగు కార్తె అయిపోవస్తున్నా వాన జాడ లేదు. షెడ్డు కింది రైతు బాలమణి రెండెకరాలకు నారు పోసింది. మొలక వేలెడు లేచింది, మడి నెర్రెలు బాస్తున్నది. మళ్ళ పోద్దమంటే ఇత్తులు లేవు, అదును లేదు. మా మంచినీళ్ళ పైపు నుంచి ఒక్క తడి ఇచ్చుకుంటనని వారం సంది తిరిగింది. ఇంజనీరు సునీత మేడమ్ ఒప్పుకున్నది, ఒక్క షరతు మీద: ముందు నేను మీటర్ చూసి సరే అనాలె.

ఆ పొద్దు నాకు కాలు నిలుస్తలేదు. మోటరు సప్పుడు జర మారినట్టు అనిపించింది. షెడ్లకు పోతున్న, పైపు కాడికి వస్తున్న, మళ్ళ పోతున్న. అంకె చూస్తే రోజు ఉండేదానికి అటిటే ఉంది. సరే అన్న. బాలమణి కాలువ తెరిచి, అలవాటుగ దోసెడు నోట్లె పోసుకొని ఉమ్మింది.

"మామా, ఉప్పగున్నయే."

"పొద్దుగాల ఏం మామిడి తొక్కు తిన్నవో. మిషన్ కంటె నీ నాలుక పెద్దదా?"

"నాలుక నాదే, మడి నాదే. నువ్వొక్క చుక్క ఏసుకొని చెప్పు."

నేనేసుకోలె. ఆమె పార అందుకొని నీళ్ళు మడికి మలిపింది.

ముప్పావు గంటకు మేడమ్ స్కూటీ మీద వచ్చింది. నా చేతుల మీటర్ గుంజుకొని మళ్ళ ముంచింది.

"తాతా, ఈ మూలకు చిన్నగ కొట్టుకుంటున్నది చూసినవా? ఇంటూ పది. ఇది నాలుగు వందలు కాదు, నాలుగు వేల మీద."

చూసిన. బ్యాటరీ అయిపోతున్నదేమో అనుకున్న. వెయ్యి దాటితే మీటర్ గట్ల చూపెడ్తదని నాకు తెల్వది. ఊటనీళ్ళు కొలిచేది మేడమ్, నా మంచినీళ్ళు ఎన్నడు వెయ్యి దాటలె. మెంబ్రేన్ మూత కాడి రబ్బరు రింగు తెగి, ఊటనీళ్ళు మంచినీళ్ళల్ల కలుస్తున్నయి. మోటరు సప్పుడు మారింది అందుకే.

ఉరికినం. కాలువ కట్టేసినం, గట్టు తెంపి మడి ఖాళీ చేసినం. షెడ్డు ట్యాంకుల నిన్నటి మంచినీళ్ళున్నయి. ఈసారి మొదటి దోసెడు నేనే తాగి, సప్పగున్నయని తెలిసినంకనే మడికి ఇడిచిన. బాలమణి అత్త ఎల్లవ్వ మడిల వంగి చేతులతోని నీళ్ళు తోస్తున్నది. "చదువుకున్నోని మాట ఇంటే మడి కడిగే పని పడ్డది" అన్నది, తల ఎత్తకుంటనే.

మూడోనాటికి కాలువ మొదట్ల నారు కొసలు మాడినయి. కాలువకు దూరమున్న నారు బతికింది. రెండెకరాల్ల ఎకరం మీద జరంతనే నాటు పడ్డది, మిగిలింది పడావు, ఏమీ ఎయ్యలె. బాలమణి కాడికి పోయి తప్పు నాదే అని చెప్పిన. "తెలుసు మామా" అన్నది, పని ఆపలె.

కొత్త ఆపరేటర్లకు ఇప్పుడు ఒకటే చెప్త. మీటర్ను నమ్ముండ్రి, నాలుకను నమ్ముండ్రి. రెండు కొట్లాడితే వాల్వు బంద్ చెయ్యుండ్రి. ఎవరిది నిజమో పైపు కాడ తేల్చుకోవాలె గని, ఒకరి మడిల కాదు.

ఆ పొద్దు అక్కడున్నది నలుగురం. బాలమణి, నిజం ముందు చెప్పింది ఆమెనే కాబట్టి ఆమె పేరే ముందు రాస్తున్న. ఆమె అత్త ఎల్లవ్వ. సునీత మేడమ్. ఆఖరుకు నేను, ఆపరేటర్ కిష్టయ్య.