నాలుగో చీటీ

మా పాలెంలో కాగితం ముక్క దొరికితే పొయ్యి రాజేయడానికి వాడతారు. నేను వాడను. బెల్లం పొట్లం కట్టిన కాగితమైనా సరే, రెండు వైపులా తిప్పి చూసి, దాని మీద అంకెలు లేవని తేల్చుకున్నాకే పొయ్యిలో పెడతాను. నాకు అంకెలు తెలుసు, నా పేరులో మొదటి అక్షరం తెలుసు, అంతే. ఈ మాటలు కూడా నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. రాసింది రాసినట్టు రెండుసార్లు చదివి వినిపించాలని ముందే ఒప్పందం చేసుకున్నాను. మనవరాలే కావచ్చు. కాగితం దగ్గర నేనెవరినీ నమ్మను.

అణాలు పోయి కొత్త పైసలు వచ్చి నాలుగైదేళ్లయింది అప్పటికి. నైలాను నూలు కొత్తగా దిగింది. నూలు వల నానితే బరువు, ఎండకపోతే కుళ్ళు. నైలానుకు ఆ బాధ లేదని మగవాళ్ళంతా దాని మీద పడ్డారు. మా ఆయన ఇందుకూరుపేటలో మా ఎండుచేపలు కొనే సావుకారు దగ్గర మూడు వందలు అప్పు చేసి ఆ నూలు తెచ్చాడు. ప్రోనోటు మీద వేలిముద్ర వేశాడు. అప్పు తీరకపోతే తెప్పా వలా సావుకారువి. ఆ తెప్ప మీద మా ఆయనా, మా మరిదీ వేటకు పోయేవాళ్ళు. వచ్చిందాంట్లోనే మా రెండు సంసారాలూ గడవాలి.

చేప బాగా పడినప్పుడల్లా యాభై రూపాయలు నేనే లెక్కపెట్టి ఆయన రొంటిన దోపి సావుకారు దగ్గరికి పంపేదాన్ని. అలా నాలుగుసార్లు పంపాను. ప్రతిసారీ తిరిగొచ్చి, నడుముకున్న వక్కాకు తిత్తి మీద తట్టి, "చీటీ ఇందులో ఉండాదిలే" అనేవాడు. ఆకు, వక్క, సున్నం, పొగాకు, వాటి అడుగున డబ్బు ముట్టినట్టు సావుకారు రాసిచ్చే చీటీలు. నేను ఒక్కసారి కూడా తిత్తి విప్పి చూడలేదు. మొగుడి తిత్తి ఆడది విప్పి చూస్తుందా అని అప్పట్లో నాకో గీర.

పచ్చకామెర్లు వచ్చి ఇరవై రోజుల్లో పోయాడు. పెద్దకర్మ నాడు, పోయినవాడు రోజూ వాడిన వస్తువులు మూటగట్టి, తెప్ప మీద తీసుకుపోయి అలలు దాటాక సముద్రంలో విడవడం మా వాళ్ళ ఆచారం. ఆయన పంచె, తలగుడ్డ, వల అల్లే సూది మూటలో పెట్టారు. తిత్తి మాత్రం నా చేతిలో ఉండిపోయింది. పొగాకు వాసన పోలేదు దానికి. ఇవ్వబుద్ధి కాలేదు. పలకరించడానికొచ్చిన సావుకారు నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"పోయినోడి తిత్తి ఇంట్లో పెట్టుకుంటారామ్మా?" అన్నాడు మెల్లిగా. "ఆయన ప్రాణమంతా దాంట్లోనే ఉండె. పంపించెయ్యి."

ఎంత మంచి మాట అనుకున్నాను. ఇచ్చేశాను. మా మరిది మూటలో పెట్టి తీసుకుపోయాడు.

నాలుగో రోజు సావుకారు మా గుమ్మం ముందుకొచ్చాడు. "మూడు వందలూ, వడ్డీ. నెల గడువిస్తాను. లేదంటే తెప్ప తోలుకుపోతాను," అన్నాడు.

"రెండు వందలు ముట్టినాయి గదా సావుకారూ?"

"ముట్టుంటే చీటీ ఉంటది గదమ్మా. చూపించు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు తిత్తి. దాంతోపాటే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. తిత్తి పంపించమన్న నోరు ఎవరిది?

ఆయన చీటీలు తిత్తిలో పెట్టుకునే సంగతి ఇతనికి తెలుసు. ఇతని ఎదురుగానే కదా మడిచి పెట్టుకుని ఉంటాడు. కానీ తెలుసని ఎలా రుజువు చేయడం? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు బెల్లం పొట్లం కాగితం నాలుగు ముక్కలు చేసి, ఒక్కోటి మడిచి, గుడ్డలో చుట్టి గట్టిగా మూడు ముళ్ళు వేశాను. పెద్దలను పిలవమని మా మరిదితో చెప్పాను. మూటలో ఏముందో అతనికీ చెప్పలేదు. సావుకారుతో కలిసి కల్లు తాగే మనిషి అతను.

వలలు బాగుచేసే పందిరి కింద కూర్చున్నారు పెద్దలు. పాలెమంతా చేరింది. మా పెద్దకాపు, అంటే పాలెం తగవులు తీర్చే పెద్దమనిషి, సావుకారునే ముందు అడిగాడు.

"ఏందయ్యా, ముట్టిందా లేదా?"

"పైసా ముట్టలేదు పెద్దకాపూ. ముట్టకుండా నేను చీటీ ఎట్టా ఇస్తాను? నేనిచ్చిన చీటీ ఒకటుంటే చూపించమనండి, ఇప్పుడే లేచి పోతాను."

నేను మూట పైకెత్తాను. "ఉండాయి. నాలుగూ ఇందులోనే ఉండాయి. ముందు నువ్వు నోటు తీసి పెద్దల ముందర పెట్టు."

అతని మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత పకపకా నవ్వాడు. "బొంకమాక మే! యాడివి నీకు చీటీలు? ఆ మూడు చీటీలూ తిత్తితో గంగమ్మ పాలైనయ్యి. నా కళ్ళ ముందర గదా మూటగట్టి తీసకపొయినారు!"

వెనకనుంచి ఒక ముసలమ్మ, నోట్లో పొగాకు తీయకుండానే అంది: "ఓయబ్బో! నువ్వియ్యని చీటీలు నీళ్ళల్లో ఎట్టా పడినయ్యి సావుకారూ? చేపలు రాసినయ్యా?"

పాలెం పాలెమంతా నవ్వింది. నేను నవ్వలేదు. అతను నోటు తెప్పించాడు. దాని వెనకవైపు చెల్లు రాయమన్నారు పెద్దలు. ముట్టిన డబ్బుకు నోటు వెనక రాసేదాన్నే చెల్లు అంటారు. మూడు యాభైలు, నూట యాభై చెల్లు రాశాడు.

"నాలుగు," అన్నాను నేను.

"మూడే," అన్నాడు సావుకారు.

పెద్దకాపు నా వైపు తిరిగాడు. "ఇందులో తగువేముంది తల్లీ? మూట నీ చేతిలోనే ఉండాది గదా. విప్పు."

మూడు ముళ్ళూ నేను వేసినవే. విప్పితే నాలుగు బెల్లం కాగితాలు బయటపడతాయి. అప్పుడు రాసిన చెల్లు కూడా చెరిపెయ్యమంటాడు. సావుకారు నా వేళ్ళకేసి చూస్తున్నాడు. ఆ చూపులో ఎగతాళి ఉందో, భయం ఉందో ఇప్పటికీ చెప్పలేను.

"మూడే కానియ్యండి," అన్నాను. మూట కొంగులో దాచుకున్నాను. నా యాభై రూపాయలు ఆ ముళ్ళల్లోనే ఉండిపోయాయి. తెప్ప మాత్రం నిలిచింది.

మిగిలిన నూట యాభై, పైన వడ్డీ తీర్చడానికి రెండేళ్ళు పట్టింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పేటకు పోయి, అమ్మిన డబ్బు కట్టి, ప్రతిసారీ చీటీ అడిగేదాన్ని. "నీకు చదువు రాదు గదా, నీకెందుకు?" అనేవాడు. "చుట్ట చుట్టుకుంటానులే, ఇయ్యి," అనేదాన్ని. ఆ చీటీని ముందు బడిపంతులుగారికి చూపించేదాన్ని. పంతులుగారు సావుకారుకు తెలిసినవాడు కాబట్టి తర్వాత బజారులో బట్టలు కుట్టే సాయిబుగారి దగ్గరికి పోయేదాన్ని. ఒకసారి పంతులుగారు, "నలభై రూపాయలు ముట్టినవి, సరిగానే ఉంది," అని ఇచ్చేశాడు. సాయిబుగారు మిషను ఆపి, కళ్ళద్దాలు పైకి తోసి, "అక్కా, కింద సన్నంగా 'వడ్డీ కింద' అని రాసినాడే, నువ్వు అసలుకు కట్టినావా వడ్డీకా?" అన్నాడు. అప్పటికప్పుడు వెనక్కి నడిచిపోయి చీటీ మార్పించాను. అప్పటినుంచి మొత్తం ఎంతని మాత్రమే కాదు, ఎందుకు ముట్టిందని కూడా చదివించుకోవడం నేర్చుకున్నాను.

చీటీలన్నీ బిగుతు మూతున్న పాలడబ్బాలో, వేపాకు వేసి, దూలానికి వేలాడదీశాను. మా గోడలు ఉప్పుగాలికి చెమర్చేవి. తిత్తి, కొంగు, చాప అడుగు, ఇంటికప్పు, ఇవన్నీ తడిసే చోట్లే మా పాలెంలో.

చివరి రూపాయి కట్టిన రోజు నోటు నా చేతికిచ్చాడు. నేను చించలేదు. అది కూడా డబ్బాకే. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను.

ఈ రెండేళ్ళూ నన్ను తొలిచింది ఒకటే. ఆ రోజు పందిరి కింద ఎగతాళిగా నవ్వుతూ నోరు జారి 'మూడు' అన్నాడు. చీటీలు ఇచ్చిన సంగతే దాచాలనుకున్నవాడు, నోరు జారేటప్పుడు లెక్క తగ్గించుకుని జారతాడా? జారినప్పుడు నిజమే కదా బయటికొచ్చేది? అయితే నాలుగో యాభై ఎక్కడికి పోయింది? నాలుగోసారి కట్టొచ్చిన రోజు కూడా మా ఆయన తిత్తి మీద తట్టాడు. ఆ రోజు కల్లు వాసన కూడా వచ్చింది, కానీ అది ఏ రోజు రాలేదు గనక? ఒక రోజు సావుకారు దొంగ అనిపిస్తుంది. ఇంకో రోజు పొయ్యి ముందు కూర్చుంటే, చచ్చిపోయిన మొగుడి మీదికి పోతుంది మనసు. ఆ ఒక్క చీటీ ఉండుంటే ఆయన మాట నిజమని తేలేది, లేదంటే అబద్ధమని తేలేది.

"బాకీ తీరిపాయె గదా సావుకారూ," అన్నాను. "నేనింక ఏమీ అడగను. నిజం చెప్పు. మా ఆయన కట్టింది మూడుసార్లా, నాలుగుసార్లా?"

అతను పెట్టె మూసి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"నీ మూటలో నాలుగుండాయంటివి గదమ్మా," అన్నాడు. "ఇంటికి పోయి విప్పి చూసుకో."