మూడు ఊళ్ల కోచ్ సారు

మా కోచ్ సారు పోయారని మొన్న పొద్దున భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. బస్సెక్కేదాకా నాకు ఏడుపు రాలేదు.

సారు జనగామ డిగ్రీ కాలేజీలో కబడ్డీ కోచ్‌గా మొదలై, అక్కడ మగపిల్లల జట్టును నిలబెట్టి, మహబూబాబాద్‌లో మా కాలేజీకి వచ్చారు. అప్పటికి మాకు అమ్మాయిల జట్టే లేదు. సారే జట్టు కట్టి, కేసముద్రం అవతలి తండా పిల్లనైన నన్ను మొదటి కెప్టెన్‌ను చేశారు. ఆటలేంటని మా నాయిన ఒప్పుకోలేదు. సారు తండాకు వచ్చి మంచం మీద కూర్చుని, "ఒక్కపారి వచ్చి చూడన్నా. నచ్చకుంటే బిడ్డను నువ్వే తోల్కపో" అన్నారు.

నాయిన వచ్చాడు. కాసేపటికే గీత పక్కన నిలబడి, ఎటు దూకాలో మా లంబాడీ మాటలో నాకు అరిచి చెప్పడం మొదలుపెట్టాడు. అవతలి జట్టుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సారు పడీపడీ నవ్వారు. మర్నాటి నుంచి ఆటలో మా సంకేతాలన్నీ ఆ భాషలోనే. హాస్టల్‌లో నా మాటకు నవ్వినవాళ్లే నా దగ్గర కూర్చుని నేర్చుకున్నారు.

గెలిస్తే సారు మామూలుగా ఉండేవారు. ఓడిన రోజే అందరికీ వేడివేడి మిర్చి బజ్జీలు తెప్పించేవారు. "గెలిచిననాడు ఆకలి తెల్వది. ఓడిననాడే తినాలె" అనేవారు.

కాలేజీల మధ్య జరిగే పోటీల ఫైనల్లో నా మోకాలు మెలిపడింది. ఒక్క పాయింటు వెనక ఉన్నాం.

"నేను ఆడుత సార్."

"వద్దు బిడ్డా. కూసో."

"ఓడిపోతం సార్!"

"ఓడిపోతే ఓడిపోదం. కప్పు మల్లొస్తది. మోకాలు మల్ల రాదు."

ఓడిపోయాం. కెప్టెన్‌ను కూర్చోబెట్టి చేతికొచ్చిన కప్పు పోగొట్టాడని కాలేజీ పెద్దలు మరుసటి ఏడు ఆయనను వద్దన్నారు. సారు సంచి సర్దుకున్నారు. మేం బస్టాండులో ఏడుస్తుంటే, "ఏందే గిది? గ్రౌండు ఏడున్నా గ్రౌండే గదా" అని బస్సెక్కి భూపాలపల్లి వెళ్లిపోయారు. అక్కడి కాలేజీలో బొగ్గు గని కార్మికుల ఆడపిల్లలతో మళ్లీ మొదటి నుంచి జట్టు కట్టారు. రెండేళ్లకు ఆ జట్టు మా కాలేజీ మీదే గెలిచింది. ఆట అయ్యాక ఆయన ముందు మా కాలేజీ పిల్లల దగ్గరికే వచ్చి దెబ్బలు చూశారట.

ఆ మోకాలితోనే నేను తర్వాత చాలా ఏళ్లు ఆడాను. ఇప్పుడు బడిలో ఆటలు నేర్పుతున్నాను.

అంతిమయాత్రకు జనగామ నుంచి నెరిసిన తలలతో ఆయన తొలి ఆటగాళ్లు వచ్చారు. మూడు ఊళ్ల వాళ్లం భుజాలు మార్చుకుంటూ పాడె మోశాం. భూపాలపల్లి కాలేజీ ముందుకు వచ్చేసరికి ఇప్పటి జట్టు అమ్మాయిలు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నారు. కూతకు వచ్చినవాళ్లను ఆపేటప్పటిలాగే, ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని. మేం ఆగిపోయాం. దారి ఇవ్వాలని వాళ్లకూ తెలుసు. అయినా కాసేపు ఎవరూ చెయ్యి వదల్లేదు.