రెండు రోజులు ఆపిన మోటారు

చిత్తూరులో టీచరు ఉద్యోగం చేసి కూడబెట్టిందంతా పోసి, ఊళ్లో నాయన నాకిచ్చిన మూడెకరాల్లో లోతుగా బోరు వేయించాను. నీళ్లు పడ్డాయి. బీడుగా ఉన్న నేలలో టమోటా కాసింది. కూలికి బస్సెక్కి చిత్తూరు పోయే ఆడవాళ్లకు ఊళ్లోనే పని దొరికింది. నా వల్ల నలుగురూ బాగుపడ్డారని నాకు నేనే చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

రెండో వేసవికి పక్క పొలం మామ బావి ఎండిపోయింది. చుట్టరికం లేదు, వరసకే మామ. చిన్నప్పుడు నా నడుముకు మునగబెండ్లు కట్టి ఆయన ఈత నేర్పింది ఆ బావిలోనే. ఇప్పుడు ఆయన అరెకరా వంగతోట వాడిపోతోంది. ఆయన భార్య అప్పటికే నా టమోటా కోతకు కూలికి వస్తోంది.

నా బోరు నుంచి పైపు వేసి నీళ్లిస్తానన్నాను. పెద్ద మనసు చూపిస్తున్నాననే అనుకున్నాను.

"నా బాయి నీళ్లు నాకే దానమిస్తావా పాపా?" అన్నాడు. "వారానికి రెండు దినాలు నీ మోటారు ఆపు. ఊట తిరిగొస్తాదేమో సూస్తాం."

నాకు ఒళ్లు మండింది. కాయ ఊరే సమయంలో తడి ఆపితే నా పంట ఏం కావాలి, అంతమంది కూలి ఏం కావాలి అని గట్టిగానే అడిగాను. ఆయన బావి గట్టు మీద కూర్చుని లోపలికే చూస్తున్నాడు. ఆ చూపు భరించలేక సరేనన్నాను.

మొదటి రోజు మధ్యాహ్నానికే ఆకులు వేలాడాయి. కోతకు వచ్చినవాళ్లు నా మొహం వైపు, ఆయన భార్య వైపు మార్చి మార్చి చూశారు. ఆమె తలెత్తకుండా కాయలు కోసింది. నేను స్టార్టరు దాకా నాలుగుసార్లు వెళ్లి, పళ్లు బిగబట్టి వెనక్కి వచ్చాను.

రెండో రోజు సాయంత్రం బావి దగ్గరికి పోయాను. మామ అక్కడే ఉన్నాడు. అడుగున జానెడు నీళ్లు.

"ఇవి సాలవు గదా మామా," అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట అనేటప్పుడు లోలోపల నాకు సంతోషమే వేసింది.

"సాలవు," అన్నాడు. "అయినా నావే గదా."

మర్నాడు పొద్దున, అనుకున్న ప్రకారమే, మోటారు వేశాను. మధ్యాహ్నానికి నా టమోటా తేరుకుంది. బావిలోకి తొంగి చూసే ధైర్యం మాత్రం నాకు చాలలేదు.