నాలుగు కార్డులు, ఒక జి షార్ప్

పెళ్ళిళ్ళలో గిటార్ వాయించేవాణ్ణి ఎవరూ వినరని నాకు ముందే తెలుసు. భోజనాల హాలు పక్కనే ఉంటుంది, అక్కడ జరిగే పని మా పని కన్నా ముఖ్యమైనది. కాబట్టి నా సోలో ఎవరూ వినలేదన్నది నా ఫిర్యాదు కాదు. విన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. అది ఆ రోజు నేను వాయించింది కాదు, అంతే.

నేను ఆదోనిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. డిగ్రీ రోజుల్లో గిటార్ పట్టుకున్నాను. అప్పటినుంచి పదిహేనేళ్ళు 'ఏ మైనర్' అనే ఒక్క స్కేలుతోనే నెట్టుకొచ్చాను. చాలా మర్యాదైన స్కేలు అది. దాంట్లో ఏ స్వరం మీద వేలు పెట్టినా ఎవరూ కొట్టరు. వెనకాల కీబోర్డు మీద కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మారిపోతూ ఉంటాయి, నేను మాత్రం నా మెట్ల మీద నేను పైకీ కిందికీ తిరుగుతూ ఉంటాను. ఆదోనిలో బస్సెక్కి కిటికీ పక్కన నిద్రపోయినవాడి ప్రయాణం ఎలా ఉంటుందో నా సోలో అలా ఉండేది. మధ్యలో ఊళ్ళు వస్తాయి, పోతాయి. ఎమ్మిగనూరులో కండక్టరు భుజం తడితే దిగుతాడు.

ఎమ్మిగనూరులో నా స్నేహితుడు ఉంటాడు. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇప్పుడు కీబోర్డు వాయిస్తూ, పెళ్ళిళ్ళకూ సన్మానాలకూ వెళ్ళే ఒక ఆర్కెస్ట్రా నడుపుతున్నాడు. ఆర్కెస్ట్రా అంటే అతను, డ్రమ్ము ప్యాడ్లు వాయించే ఆయన, పాడే ఆవిడ, మిక్సర్ దగ్గర కూర్చునే సౌండ్ ఆయన, సెలవు దొరికినప్పుడు నేను. ఒక ఆదివారం అతనే మాట తెచ్చాడు.

"నువ్వు వాయిస్తాండేది బాగానే ఉండాదిలేప్పా. కాకపోతే పాట యాడికి పోతాండాదో నీకు పట్టదు. నేను కార్డు మార్చినా ఒకటే, మార్చకున్నా ఒకటే."

"ఇన్నేళ్ళూ ఎందుకు సెప్పలే?"

"నువ్వు అడగలే గదా."

అలా ఆర్పెజియోల సాధన మొదలైంది. పేరు పెద్దది గానీ పని చిన్నదే. కార్డులో ఉన్న మూడు స్వరాలను గుంపుగా మీటకుండా ఒకదాని తర్వాత ఒకటిగా పలికించడం. కష్టం ఎక్కడంటే, వెనకాల కార్డు మారిన క్షణానికే మన వేలు కూడా ఆ కొత్త కార్డుకు చెందిన స్వరం మీద దిగాలి. ఇక బస్సులో నిద్ర కుదరదు. ప్రతి స్టాపులోనూ దిగి, ఆ ఊరి మనిషిలాగే కాసేపు నిలబడి, బస్సు కదిలేలోపల మళ్ళీ ఎక్కాలి.

మేం ఎంచుకున్నది ఒక పాత మెలొడీ. పల్లవి అయిపోయాక, చరణం అందుకునేలోపల ఉన్న ఖాళీలో నాకు సోలో. కార్డులు నాలుగే. ఏ మైనర్, ఎఫ్, డి మైనర్, ఇ. మొదటి మూడింటిలోని స్వరాలన్నీ నా పాత స్కేల్లో ఉన్నవే. చిక్కు నాలుగోదానితో వచ్చింది. ఇ కార్డుకు నడిమి స్వరం జి షార్ప్. నా స్కేల్లో ఉన్నది ఉత్త జి. గిటార్ మీద ఆ రెండింటికీ తేడా ఒక్క ఫ్రెట్, అంటే వేలు కొంచెం జరిపితే చాలు. పదిహేనేళ్ళ అలవాటు ఉన్న వేలికి మాత్రం అది ఆదోని నుంచి తుగ్గలికి ఉన్నంత దూరం.

ప్రతి ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు వెళ్ళేవాణ్ణి. మేడ మీద గది అతనిది. పక్కింట్లో మగ్గం ఆడుతూ ఉండేది. తాళం కోసం ఫోన్లో ఏదో యాప్ పెట్టుకున్నాను గానీ, మగ్గం ముందు అది నిలబడలేక మానేశాను. నేసే ఆయన టీకి లేస్తే మాకూ విరామం. నా స్నేహితుడు ఆ నాలుగు కార్డులనే పూటంతా తిప్పుతూ కూర్చునేవాడు. ప్రతి చుట్టు చివరా తల ఎత్తకుండా "మల్లా" అనేవాడు. ఆ మాటలో విసుగు ఉండేది కాదు. ఆశ కూడా ఉండేది కాదు.

నేను వాయించిందంతా కీబోర్డులో రికార్డు చేసిపెట్టేవాడు. "ఊరికే పెట్టినా. ఇంటికి పోయి విని దిద్దుకుంటావని." నేను పెన్ డ్రైవ్‌లో ఇంటికి తీసుకుపోయి వినేవాణ్ణి. వింటే ఇంటర్లో నా జవాబు పత్రాలు గుర్తొచ్చేవి. అన్నీ రాసి ఉంటాయి, అడిగింది తప్ప.

నాలుగో నెలలో ఒక పొద్దున, ఇ కార్డు రాగానే నా వేలు నా అనుమతి లేకుండానే జి షార్ప్ మీద దిగింది. కార్డు తిరిగి ఏ మైనర్‌కు వచ్చేసరికి అక్కణ్ణుంచి ఒక్క ఫ్రెట్ జరిగి 'ఏ' మీద కూర్చుంది. చెప్పులు విప్పి ఇంట్లోకి వచ్చినట్టు ఉంది. వాయించడం ఆపి అతని వైపు చూశాను.

"టీ తాగుదామా?" అన్నాడు.

అతని భాషలో అది శాలువా కప్పడమని అనుకున్నాను.

తర్వాత కొద్ది వారాలకు ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి ఇంట పెళ్ళి. మధ్యాహ్నం రిసెప్షన్‌కు మా పాటలు. వేలు ఇప్పుడు ఎక్కడ దిగాలో అక్కడ దిగుతోంది, పదికి పదిసార్లు. జీవితంలో మొదటిసారి నా భార్యను ప్రోగ్రాముకు రమ్మన్నాను. ఫోన్లో వీడియో తీయమని కూడా అడిగాను. "ఇంతకు ముందు ఎప్పుడూ పిల్సలేదే," అంది. ఇంతకు ముందు చూపించడానికి ఏమీ లేదు.

స్టేజీ మీద నా కాళ్ళ దగ్గర మానిటర్ ఉంది. మనం వాయించేది మనకు వినిపించడానికి పెట్టే చిన్న స్పీకరు అది. జనానికి వినిపించేవి స్టేజీకి ఇరువైపులా ఉన్న పెద్ద బాక్సులు. పల్లవి అయింది. ఏ మైనర్. ఎఫ్. డి మైనర్. ఇ కార్డు మీద నా జి షార్ప్ మానిటర్లోంచి గుండ్రంగా, తడబాటు లేకుండా లేచి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. సౌండ్ ఆయన బొటనవేలు ఎత్తి చూపించాడు. ప్యాడ్ల ఆయన నన్ను చూసి నవ్వాడు. ఎంత మంచి మనుషులో అనుకున్నాను.

సాయంత్రం ఇంట్లో కాఫీ తాగుతూ వీడియో పెట్టుకున్నాను. నా భార్య ముందు వరుసలో కూర్చుని బాగా తీసింది. మొదటి తీగ మీద నాలుగో ఫ్రెట్‌లో నా వేలు స్పష్టంగా కనిపిస్తోంది. అది జి షార్ప్. ఫోన్లోంచి వినిపించింది ఉత్త జి.

వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. వేలు సరైన చోట ఉంది, శబ్దం తప్పు చోట ఉంది. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాను. అప్పుడు గుర్తుపట్టాను. డి మైనర్ దగ్గర ఆ చిన్న తొట్రుపాటు, ఆ తర్వాత తొందరపడి ఉత్త జి మీద కూలబడటం. తన చేతిరాతను ఎవరైనా గుర్తుపడతారు. రెండో నెలలో ఎప్పుడో, మేడ మీద గదిలో నేను వాయించిందే అది.

"ఏమైందండీ, మొహం అట్ల పెట్టినారు? బాగానే ఉండాది గదా."

"బాగానే ఉండాది. నేను కాదు."

"మీరే గదా. నీలం చొక్కా."

ముందే రికార్డు చేసిన ట్రాకు పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవడం మా ఆర్కెస్ట్రాల్లో దాపరికం కాదు. వేణువు, వయొలిన్లు అన్నీ దాంట్లోంచే వస్తాయి. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. వేణువు వాయించే మనిషి మా దగ్గర లేడు. నేను ఉన్నాను. నీలం చొక్కాతో.

ఆదివారం దాకా ఆగి ఎమ్మిగనూరు వెళ్ళాను. అతను కీబోర్డు మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"నా సోలోకు ట్రాకు వేసినావా?"

కొంచెంసేపు తుడిచాడు. "పెద్దోళ్ళ పెండ్లప్పా. నీ చెయ్యి వణికిందనుకో, మాట ఎవురికొస్తాది? నాకు."

"వణకలే గదా."

"వణకలే. వణకదని ముందుగా నాకేం తెలుసు?"

"మానిటర్లో నాది నాకు ఇనపడిందే?"

"నీ మానిటర్‌కు నీది ఇడిసినాం. బయట బాక్సులకు ట్రాకు ఇడిసినాం. నీకు బాధగా ఉంటాదని."

మోసం చేసేటప్పుడు కూడా నా సౌకర్యం చూశాడు. హాలంతా ఒక కచేరీ, నా కాళ్ళ దగ్గర నా ఒక్కడికి ఇంకో కచేరీ. శబ్ద తరంగాల గురించి ఏటా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేను.

"ఎవురెవురికి తెలుసు?"

"అందరికీ."

"పాడే ఆయమ్మకు గూడా?"

"ఆయమ్మకు సెప్పకుంటే చరణం యాడ ఎత్తుకోవాల్నో ఎట్ల తెలుస్తాది?" అన్నాడు, నా తెలివితక్కువతనానికి జాలిపడుతూ. సౌండ్ ఆయన బొటనవేలు, ప్యాడ్ల ఆయన నవ్వు ఒక్కసారిగా అర్థమయ్యాయి. నాటకంలో అందరికీ కథ తెలుసు. కథ తెలియని ఒక్కణ్ణి నడిమధ్య నిలబెట్టారు.

"అయినా వేరేవాంది వేసినానా? అది గూడా నువ్వు వాయించిందే గదా!"

"అది నా పాత తప్పు. ఇ మీద ఉత్త జి ఉండాది దాంట్లో. అది పోగొట్టుకోడానికే గదా నాలుగు నెలలు నీ మేడెక్కింది."

"ఆ తేడా ఎవురికి తెలుస్తాదప్పా? ఆ హాల్లో ఎవురికి తెలిసిందో సెప్పు."

"నీకు తెలీదా?"

"నిజం సెప్పాల్నంటే, నాకు గూడా తెలీలే."

వింతగా, ఆ మాటతో నా కోపం సగం దిగింది. తేడా వినపడనివాడి మీద ఎంతసేపని కోప్పడతాం? అన్ని ఆదివారాలు నా పక్కనే కూర్చుని ఏమీ వినలేదన్నమాట. ఆ రోజు టీ అన్నది కూడా పక్కింటి మగ్గం ఆగినందుకే అయి ఉంటుంది. బాధగానే ఉంది, కానీ అది క్షమించగల బాధ. క్షమించాను. టీ కూడా తాగాను.

తర్వాతి ప్రోగ్రాము కోడుమూరులో. ఒక టీచరుగారి రిటైర్మెంటు సన్మానం, పొద్దున పదకొండుకు.

"ఈసారి నీదే. ఒట్టు. పెన్ డ్రైవ్‌లోంచి నీది తీసేసినా," అన్నాడు.

నమ్మాను. నమ్మాననే అనుకున్నాను. సౌండ్ చెక్‌లో నా గిటార్ పెద్ద బాక్సుల్లోంచి చక్కగా వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆదోనిలో కూడా సౌండ్ చెక్‌లో ఇలాగే వినిపించింది. జనానికి ఏం వినిపిస్తోందో జనంలో కూర్చుంటేనే తెలుస్తుంది. జనంలో కూర్చుంటే వాయించేది ఎవరు?

పాట మొదలైంది. పల్లవి అయింది. ఏ మైనర్ మీద దిగాను, బాగుంది. ఎఫ్, బాగుంది. డి మైనర్ దగ్గర ఇప్పుడు తొట్రుపాటు లేదు. సౌండ్ ఆయన నా వైపే చూస్తున్నాడు. బొటనవేలు ఎత్తబోతున్నాడేమో అనిపించింది. ముందుగా అనుకుని చేసింది కాదు, నామీద ఒట్టు. ఇ కార్డు రాగానే, జి షార్ప్ మీద దిగాల్సిన వేలిని గాల్లోకి ఎత్తాను. ట్రాకు అయితే సోలో సాగిపోతుంది.

సాగలేదు. ప్యాడ్లు మోగుతున్నాయి, నా స్నేహితుడి ఎడమచేతి కింద ఇ కార్డు మోగుతోంది, వాటి మీద ఏమీ లేదు. రిటైరవుతున్న టీచరుగారు దండలోంచి మెడ చాపి చూశారు. అతను మాట నిలబెట్టుకున్నాడు. నా నాలుగు నెలల కష్టం జనానికి వినిపించాల్సిన ఒకే ఒక్క చోట, పెద్ద బాక్సుల్లోంచి, నేను ఏమీ వాయించలేదు.

అది మహా అయితే తాళంలో ఒక్క దెబ్బ సేపు. తర్వాత కీబోర్డు మీద అతని కుడిచెయ్యి కదిలింది. రెండే స్వరాలు. జి షార్ప్. దాని మీదనుంచి 'ఏ'. సరిగ్గా నా వేలు దిగాల్సిన చోటే దిగి, జరగాల్సినంతే జరిగింది. తల ఎత్తలేదు. పాడే ఆవిడ చరణం అందుకుంది.

సామాను వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే అడిగాడు. "ఏమైంది ఆడ?"

"తీగ జారింది."

"ఊఁ."

వ్యాన్ కోడుమూరు దాటింది. నాకు ఆ రెండు స్వరాలు చెవిలోంచి పోవడం లేదు. అంత చప్పున వెతుక్కోకుండా పట్టుకున్నాడంటే, ఎన్ని ఆదివారాలు విని ఉంటాడు! ఆ రోజు టీ అన్నది కూడా నా జి షార్ప్ విన్నందుకే అయి ఉంటుంది. అంటే పెళ్ళి రోజు, నా పాతదీ కొత్తదీ రెండింటిలో ఏది తప్పో తెలిసే, తప్పున్నదాన్ని జనానికి వినిపించాడు. నేను క్షమించింది చెవి లేని మనిషిని. అలాంటి మనిషి ఈ వ్యాన్‌లో లేడు.

"తేడా నీకు తెలీదంటివే?" అన్నాను.

అతను కిటికీలోంచి బయటకు చూస్తూ, "తీగ జారిందంటివే?" అన్నాడు.

ఎమ్మిగనూరు వచ్చేదాకా ప్యాడ్ల ఆయన తను కొన్న కొత్త కూలర్ గురించి చెప్పాడు. ఇద్దరమూ చాలా శ్రద్ధగా విన్నాం.